ఛాయ, చిత్రం, ఆత్మ: ‘ది సింప్సన్స్’ హాస్య ధారావాహికలో క్లాసిక్ చలనచిత్రాల స్వీకరణ

ఉపోద్ఘాతం

యానిమేషన్ హాస్య ధారావాహికల్లో పాత సినిమాల దృశ్యాలు మళ్లీ కనిపించడాన్ని ‘నివాళి’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయింది. ఏ భాగంలో ఏ సినిమా తొంగిచూసిందో పట్టికలు తయారవుతాయి, గుర్తుపట్టిన ప్రేక్షకుడు సంతోషిస్తాడు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. విమర్శ మొదలు కావలసింది ఆ తర్వాతే. స్వీకరించిన దృశ్యం కొత్త చోట ఏ పని చేస్తున్నది? మూలచిత్రంలో మనం గమనించని అంశాన్ని దేన్నైనా బయటపెడుతున్నదా? అమెరికాలో ఫాక్స్ టెలివిజన్‌లో 1989 డిసెంబరులో ధారావాహికగా మొదలైన మాట్ గ్రేనింగ్ సృష్టి ‘ది సింప్సన్స్’ ఈ ప్రశ్నలను పరీక్షించడానికి అనువైన రచన. దాని తొలి దశాబ్దంలోని కొన్ని భాగాలకే ఈ వ్యాసం పరిమితం. చివరి విభాగంలో మాత్రం ఒక పేరును అనుసరించి ఇటీవలి కాలందాకా రావలసి వచ్చింది.

కొలమానం

పేరడీని విమర్శనాత్మక దూరంతో కూడిన పునరుక్తిగా లిండా హచియన్ 1985 నాటి తన గ్రంథంలో నిర్వచించారు. ఫ్రెడ్రిక్ జేమ్సన్‌కు అంత నమ్మకం లేదు. వ్యంగ్య లక్ష్యాన్ని కోల్పోయిన ఉత్త వేషధారణే నేటి కాలపు అనుకరణ అని ఆయన భావన. ఈ రెండు దృక్పథాలూ అనుకరణ మొత్తాన్ని ఒకే గాటన కట్టేస్తాయి. ఒకే ధారావాహికలో, కొన్నిసార్లు ఒకే భాగంలో, మేలైన స్వీకరణా నాసిరకం స్వీకరణా పక్కపక్కనే ఉన్నప్పుడు వాటిని వేరుచేసి చూపే కొలత కావాలి. అటువంటిది మన అలంకారశాస్త్రంలోనే ఉంది.

ఒక కవి రచనకు మరొక కవి రచనతో కనిపించే పోలికను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్యోతంలో ‘సంవాదం’ అన్నాడు. అది మూడు విధాలు: అద్దంలోని ప్రతిబింబం వంటిది, బొమ్మగా గీసిన రూపం వంటిది, ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక వంటిది. మొదటిదానికి వేరే ఆత్మ లేదు. రెండోదానికి ఉన్నా అది తుచ్ఛం. ఈ రెంటినీ కవి విడిచిపెట్టాలి. మూడోదైన తుల్యదేహిని విడువనక్కరలేదు, ఎందుకంటే పోలిక ఎంత ఉన్నా అక్కడ రెండు ప్రాణాలు ఉన్నాయి. చంద్రుణ్ని పోలినంత మాత్రాన స్త్రీ ముఖం పునరుక్తి అయిపోదు గదా అన్నది ఆయన వాదం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విభాగాన్ని విస్తరించి ‘పరపురప్రవేశం’ అనే నాలుగో రకాన్ని చేర్చాడు. అక్కడ మూలం ఒకటే, కట్టడం మాత్రం పూర్తిగా వేరు. కావ్యానికి చెప్పిన ఈ కొలతలు సినిమాకు వర్తిస్తాయా అన్న సందేహం న్యాయమైనదే. దానికి సమాధానం ఉదాహరణల్లోనే వెతకాలి.

బొమ్మగా గీసిన ‘సైకో’

1990లో ప్రసారమైన ‘ఇచీ అండ్ స్క్రాచీ అండ్ మార్జ్’ భాగంలో పసిపిల్ల మ్యాగీ తండ్రి హోమర్ తలమీద సుత్తితో కొడుతుంది. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లోని స్నానాలగది హత్యాదృశ్యం కత్తిరింపులు, సంగీతపు ధోరణితో సహా అక్కడ పునరావృతమవుతుంది. నెత్తురు స్థానంలో ఎర్ర రంగు కారిపోతుంది. దృశ్యాన్ని విడిగా చూస్తే ఇది ఆలేఖ్యం, అంటే నేర్పుగా గీసిన నకలు. అయితే భాగం మొత్తం కథను దృష్టిలో పెట్టుకుంటే ఈ తీర్పును కొంత సవరించుకోవాలి. కార్టూన్‌లో హింసను చూసి పసిపిల్ల దాన్ని అనుకరించింది. తల్లి మార్జ్ ఆ కార్టూన్‌పై ఉద్యమం మొదలుపెడుతుంది. అదే ఊరికి మైకెలాంజెలో ‘డేవిడ్’ శిల్పం ప్రదర్శనకు వచ్చినప్పుడు దాన్ని వ్యతిరేకించడానికి ఆమెకు మనసొప్పదు. ఏ హింస కళ, ఏ హింస చెత్త అని నిర్ణయించేది ఎవరన్న చర్చ నడిచే భాగంలో, సినిమా చరిత్రలో కళగా పూజలందుకున్న హత్యను పసిపిల్ల చేతిలో పెట్టారు. బొమ్మకు ఆ మేరకు ప్రాణం వచ్చింది.

‘కేప్ ఫియర్’ (1993) విషయం వేరు. 1962 నాటి చిత్రాన్ని స్కోర్సేసీ 1991లో మళ్లీ తీశాడు. ధారావాహిక ఆ రెంటినీ కలిపి ఎగతాళి చేసింది. అందులో అందరికీ గుర్తున్నది సైడ్‌షో బాబ్ గడ్డి పారలమీద పదేపదే కాలు వేసి ముఖాన దెబ్బలు తినే సన్నివేశం. భాగం నిడివి చాలక ఆ సన్నివేశాన్ని సాగదీశారు. దానికి మూలచిత్రంతో సంబంధమే లేదు. అనుకరణ గ్రంథంలో అనుకరించని భాగమే నిలిచిపోవడం ఆలోచించదగిన విషయం.

‘రోజ్‌బడ్’: ఒకే వస్తువు, వేరే ప్రశ్న

ఆర్సన్ వెల్స్ ‘సిటిజన్ కేన్’ (1941) ఒక మరణంతో మొదలవుతుంది. మంచు కురిసే గాజుగోళం చేతినుంచి జారిపోతుండగా కోటీశ్వరుడు కేన్ ‘రోజ్‌బడ్’ అంటూ ప్రాణం విడుస్తాడు. ఆ మాటకు అర్థం కోసం విలేకరి తిరగని చోటు ఉండదు, ఫలితం దక్కదు. చివరికి అది చిన్ననాటి మంచుబండి పేరని, అది కొలిమిలో కాలిపోతుండగా, ప్రేక్షకుడికి మాత్రమే తెలుస్తుంది.

1993 అక్టోబరులో ప్రసారమైన ‘రోజ్‌బడ్’ భాగంలో అణువిద్యుత్కేంద్రం యజమాని బర్న్స్ తన చిన్ననాటి ఎలుగుబంటి బొమ్మ ‘బోబో’ కోసం కలవరిస్తాడు. గాజుగోళం ఉంది, మంచు ఉంది, పోగొట్టుకున్న బాల్యం ఉంది. మార్పులు మూడు చోట్ల జరిగాయి. పరిశోధకుల దృష్టికి ఇవి రావాలని నా కోరిక.

కేన్‌ను తల్లి సంతకం చేసి బ్యాంకరు చేతికి అప్పగించింది. బాలుడి ఇష్టంతో పని లేకుండా బాల్యం లాక్కోబడింది. బర్న్స్‌ను తల్లిదండ్రులు అడుగుతారు, ప్రేమించే తమతో ఉంటావా, ప్రేమ అంటే తెలియని కోటీశ్వరుడితో పోతావా అని. బాలుడు తడుముకోకుండా కోటీశ్వరుడి వెంట నడుస్తాడు, బొమ్మ మంచులో పడిపోతుంది. వెల్స్ చిత్రంలో కేన్‌పై మనకు కలిగే జాలికి ఆధారం అతని నిస్సహాయత. ఆ ఆధారాన్ని తీసేస్తే జాలి ఎంత మిగులుతుందో ఈ కార్టూన్ పరీక్షించింది. పనిలో పనిగా తండ్రి వెనుకనుంచి కేక వేసి ఆ బొమ్మ కోల్పోయిన అమాయకత్వానికి ప్రతీక అని వివరిస్తాడు. తరగతిగదిలో ప్రతీకలను విప్పిచెప్పే మనలాంటి అధ్యాపకులకు కూడా అక్కడ ఒక చురక ఉంది.

‘సిటిజన్ కేన్’ నడక రహస్యంపై ఆధారపడింది. ఇక్కడ బోబో ఏమిటో ప్రేక్షకుడికి చప్పున తెలిసిపోతుంది. లిండ్‌బర్గ్ విమానం, హిట్లర్ బంకరు, ఉత్తరధ్రువం మీదుగా ఇరవయ్యో శతాబ్దాన్నంతా చుట్టి, ఒక మంచుగడ్డల సంచిలో అది సింప్సన్ల ఇంటికి చేరుతుంది, మ్యాగీ చేతికి చిక్కుతుంది. దాంతో ‘అది ఏమిటి’ అన్న ప్రశ్న ‘అది ఎవరికి చెందాలి’ అన్న ప్రశ్నగా మారింది. బర్న్స్ పది లక్షల డాలర్లు, పైగా హవాయి దీవులు ఇవ్వజూపుతాడు. పసిదాని కళ్లు చూసి హోమర్ కాదంటాడు. బర్న్స్ బెదిరిస్తాడు, ఊరికి బీరూ టీవీ లేకుండా చేస్తాడు, ఆఖరికి పసిపిల్ల చేతిలోంచి లాక్కోబోయి అదీ చేతకాక ఓడిపోతాడు. అప్పుడు మ్యాగీయే బొమ్మను అతనికి వదిలిపెడుతుంది.

కొనలేనిదీ లాక్కోలేనిదీ దానంగా దక్కింది. వెల్స్ చిత్రంలో ఈ అవకాశమే లేదు. అక్కడ వస్తువు కాలి బూడిదవుతుంది, కేన్‌కు ఇవ్వడానికి ఎవరూ మిగలలేదు. మూలచిత్రపు విషాదంలో అర్థం తెలియకపోవడం కంటే ఇచ్చేవారు లేకపోవడమే పెద్దదని నేను గ్రహించింది ఈ ఇరవై నిమిషాల కార్టూన్ చూశాకే. దేహం అదే పోలికలో ఉంది, ప్రాణం వేరు. ఆనందవర్ధనుడి తుల్యదేహికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ చలనచిత్ర రంగంలో నాకు తారసపడలేదు.

కిటికీ అవతల

1994లో వచ్చిన ‘బార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ మూలం హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954). కాలు విరిగి గదిలో కూర్చున్న బార్ట్ దూరదర్శినిలోంచి చూసి, పొరుగింటి ఫ్లాండర్స్ భార్యను చంపాడని నమ్ముతాడు. మూలంలో నాయిక పేరు లీసా. అనుమానితుడి ఇంట్లోకి వెళ్లేది ఆమె. ఇక్కడా వెళ్లేది చెల్లెలు లీసాయే. పేర్ల కలయిక యాదృచ్ఛికమే, అయినా రచయితలకు అది కలిసివచ్చింది. హిచ్‌కాక్ చిత్రంలో తొంగిచూసినవాడి అనుమానం నిజమై, చూడడం నేరమా అన్న ప్రశ్న ఆ నిజం మాటున కొంత మరుగున పడింది. ఇక్కడ ఫ్లాండర్స్ చంపింది నీళ్లు ఎక్కువ పోసి ఒక మొక్కను. అనుమానం తప్పని తేలడంతో తొంగిచూపుకు సమర్థన లేకుండా పోయింది. మరో కిటికీలోంచి మూలచిత్ర నాయకుడు జేమ్స్ స్టీవర్ట్ పోలికలున్న మనిషి బార్ట్‌ను చూసి భయపడతాడు. మూలం ఒక్కటే, కట్టడం మారింది. రాజశేఖరుడి పరపురప్రవేశానికి ఇది దగ్గరగా వస్తుంది.

మూలం చూడకుండా ఈ భాగాలను ముందు చూసినవారి మాటేమిటి? నేడు మన విద్యార్థుల్లో చాలామంది స్థితి అదే. వారికి కేన్ బర్న్స్‌లాగా కనిపిస్తాడు, బర్న్స్ కేన్‌లాగా కాదు. దీన్ని నష్టంగా లెక్కించనక్కరలేదని నా అభిప్రాయం. జరుక్ శాస్త్రి పేరడీలు ముందు చదివి, తర్వాత మూలకవుల దగ్గరికి వెళ్లిన పాఠకుడికి ఆ కవుల శైలీరహస్యాలు త్వరగా పట్టుబడతాయి. అయితే ఆ పేరడీకి ఆత్మ ఉండాలి. నకలు మాత్రమే చూసినవాడు మూలాన్ని చేరినా అక్కడ నకలునే చూస్తాడు.

పేరు మాత్రమే తీసుకున్నప్పుడు

ఈ ధారావాహిక స్వీకరించిన ఒక క్లాసిక్ మనదేశానిది. 1990లో ప్రవేశించిన కిరాణా దుకాణదారుడు అపు పేరు సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955), ‘అపరాజితో’ (1956), ‘అపూర్ సంసార్’ (1959) చిత్రత్రయంలోని అపుది. రాయ్ చూపు, రెల్లుపొలంలో రైలు, తల్లి ఎదురుచూపు, ఇవేవీ రాలేదు. పేరు వచ్చింది, దానికి హ్యాంక్ అజేరియా అనే శ్వేతజాతి నటుడి గొంతులో ఒక యాస తగిలించారు. ఆనందవర్ధనుడి విభాగంలో దీనికి చోటు లేదు. ప్రతిబింబానికైనా ఎదురుగా ఒక దేహం ఉండాలి గదా.

అవకాశం లేక కాదు. 1996 నాటి ‘మచ్ అపు అబౌట్ నథింగ్’ భాగం ప్రకారం అపు కలకత్తాలో చదివి, పైచదువుకు అమెరికా వచ్చి, చదువు అప్పు తీర్చడానికి దుకాణంలో చేరి ఉండిపోయినవాడు. ‘అపరాజితో’లో చదువుకోసం ఊరు విడిచి తల్లికి దూరమైన అపు కథకు ఇది సహజమైన కొనసాగింపు. పిల్లలను అమెరికాకు పంపిన తెలుగు కుటుంబాలకు ఆ కథ విడమరచి చెప్పనక్కరలేదు. తుల్యదేహి కాగల బీజం రచయితల చేతిలోనే ఉంది, వారు దాన్ని మొలకెత్తనివ్వలేదు.

తెలుగు ఇంటిపేరుగల అమెరికన్ హాస్యనటుడు హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీలో ఈ పాత్రను నిలదీశాడు. ఆయన ఆ ధారావాహిక అభిమాని. విమర్శకు బలం కూడా అక్కడినుంచే వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ధారావాహిక ఇచ్చిన జవాబులో లీసా ప్రేక్షకులవైపు తిరిగి, ఒకనాడు మెచ్చుకున్నది నేడు తప్పయితే ఏం చేయగలమన్న ధోరణిలో మాట్లాడుతుంది. ఆమె మంచం పక్కన అపు ఫోటో ఉంటుంది. కేన్‌ను కదిలించి ప్రశ్నించినవారు, హిచ్‌కాక్‌ను తప్పుపట్టగలిగినవారు, అపు దగ్గరికి వచ్చేసరికి చట్రంలో బిగించిన బొమ్మతో సరిపెట్టుకున్నారు. 2020 జనవరిలో అజేరియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు. అపు అప్పుడప్పుడు జనసమూహం మధ్య కనిపిస్తూనే ఉన్నాడు, మాట్లాడడు.