'ఇజం' అంటే వాదమేనా?

ఇంగ్లీషు మాట చివర 'ఇజం' కనిపిస్తే చాలు, 'వాదం' తగిలించెయ్యడం మన విమర్శకు అలవాటైపోయింది. ఇది ఒట్టి అనువాద సమస్య అని నేననుకోను.

ఈ ప్రత్యయం గ్రీకు 'ఇస్మోస్' నుంచి వచ్చింది. అక్కడ 'బాప్టిస్మోస్' అంటే నీళ్లలో ముంచే పని. 'బార్బరిస్మోస్' అంటే గ్రీకును పరాయివాడిలా తప్పుగా మాట్లాడడం. వీటిలో వాదమేమీ లేదు. పని ఉంది, ప్రవర్తన ఉంది. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఈ ప్రత్యయం సిద్ధాంతాన్నీ, వ్యవస్థనూ, ఉద్యమాన్నీ, దురభిమానాన్నీ ఒకే గాటన కట్టేసింది.

తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. కాపిటలిజాన్ని పెట్టుబడిదారీ విధానమనీ, ఫ్యూడలిజాన్ని భూస్వామ్య వ్యవస్థ అనీ, కమ్యూనలిజాన్ని మతతత్వమనీ, రియలిజాన్ని వాస్తవికత అనీ, ఫెమినిజాన్ని స్త్రీవాదమనీ విడదీసి చెప్పుకోగలం. ఈ తేడాను చెరిపేసి 'పెట్టుబడిదారీవాదం' అని రాస్తే ఏమవుతుంది? కూలి, యంత్రం, లాభం అన్నీ ఎవరో చేసిన వాదనలాగా వినిపిస్తాయి. వాదాన్ని ప్రతివాదంతో ఓడించవచ్చు. వ్యవస్థ మాటలకు లొంగదు. 1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి సంపుటాన్ని మార్క్సు ప్రారంభించింది కూడా పెట్టుబడిదారీ 'ఉత్పత్తి విధానం' గురించి చెబుతూనే. 'సామ్రాజ్యవాదం' వాడుకలో స్థిరపడిపోయింది, మార్చమని అనను. అయితే ఆ మాట వెనక సైన్యాలూ బ్యాంకులూ ఉన్నాయని మరవకూడదు.

సాహిత్యంలోనూ ఇంతే. వాస్తవికత రచనలో ఉండే గుణం. వాస్తవికతావాదం రచయిత ప్రకటించే వైఖరి. రెండోది చాటుకున్నంత మాత్రాన మొదటిది రచనలోకి వచ్చి చేరదు. అసలు కొన్ని 'ఇజాలు' ఎవరూ ప్రకటించినవి కావు. 1874లో పారిస్‌లో మోనే చిత్రాన్ని వెక్కిరిస్తూ లూయీ లెరోయ్ అన్న మాటే 'ఇంప్రెషనిజం' పేరుకు మూలమైంది. పేరు చూసి రచనకు తీర్పు చెప్పే విమర్శకులు ఇది గమనించాలి.

మన దగ్గర ఈ ప్రత్యయం తెగిపడి స్వతంత్రపదమే అయింది. 'మేం ఇజాలకు అతీతంగా రాస్తాం' అనే రచయితలకు కొదవలేదు. అన్నిటినీ వాదాలుగా అనువదించి వాళ్లకా వెసులుబాటు ఇచ్చింది మన విమర్శే. వాదానికి దూరంగా ఉండడం సాధ్యమే. వ్యవస్థకు దూరంగా కూర్చుని రాసేవాడెవడు?