బిందెడు నీళ్ళలో ఒక బిళ్ళ

మందులకు లొంగని బ్యాక్టీరియా మీద పనిచేసేవాళ్ళకు, ఏ దేశం వాళ్ళయినా సరే, పటాన్‌చెరు పేరు తెలుసు. కారణం 2007లో జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్‌లో వచ్చిన ఒక చిన్న పత్రం. రాసింది స్వీడన్ శాస్త్రవేత్తలు జోకిమ్ లార్సన్, సిసీలియా డి పెద్రో, నిక్లాస్ పాక్సియస్. నీళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో పనితనం చూసి మెచ్చుకోదగ్గది ఒక్కటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

అంతకుముందు నీళ్ళలో మందుల జాడ వెతికేవాళ్ళు ఎక్కువగా ఊళ్ళ మురుగునే పరీక్షించేవాళ్ళు. మనిషి మింగిన మందు కొంత మూత్రంలో బయటికి వచ్చి, మురుగులో కలిసి, ఏటికి చేరుతుంది. అక్కడ దొరికేది లీటరుకు మైక్రోగ్రాముల్లో, చాలాసార్లు అంతకన్నా తక్కువ. లార్సన్ బృందం మందు మింగే చోటును వదిలి మందు తయారయ్యే చోటికి వచ్చింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం అప్పుడు పటాన్‌చెరులో ఉంది. వాళ్ళు పట్టింది శుద్ధికి వచ్చే నీళ్ళు కాదు, శుద్ధి అయి బయటికి పోతున్న నీళ్ళు. మురికినీళ్ళు పట్టి మురికి ఉందని చెప్పడానికి స్వీడన్ నుంచి రానక్కర్లేదు కదా!

59 మందుల కోసం వెతికారు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది సిప్రోఫ్లోక్సాసిన్. విరేచనాలు పట్టుకుంటే మన ఆర్‌ఎంపీ డాక్టర్లు చేతిలో పెట్టే ఆ సిప్రో బిళ్ళే. లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా ఉంది. అంటే పదహారు లీటర్ల బిందెలో 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి కరిగించినట్టు. కొన్ని రకాల బ్యాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లు పైమాటే. లీటరు లెక్కతో వాళ్ళు ఆగలేదు. రోజూ వదిలే నీటితో గుణిస్తే సుమారు 45 కిలోల సిప్రో తేలింది. అప్పట్లో 90 లక్షల జనం ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడేంత! పోలికకు తమ దేశాన్నే తెచ్చుకోవడం నాకు నచ్చింది. చవక బిళ్ళ అసలు ఖరీదు ఎవరి వాగులో పడుతోందో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది.

ఇది ఈ ఒక్క కేంద్రం సంగతేనా అన్న అనుమానం సహజం. 2009లో జెర్కర్ ఫిక్, లార్సన్ తదితరులు ఆ ప్రాంతపు చెరువులు, బావులు పరీక్షించారు. చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రో దొరికింది. పల్లెల బావుల్లోనూ మందులు ఉన్నాయి.

మందు ఉందని తేలింది సరే, బ్యాక్టీరియా మాటేమిటి? ఈ పరిశోధనలన్నిటిలో నేను మళ్ళీ మళ్ళీ చదివేది దీనికి జవాబు వెతికిన పత్రాన్ని. ఎరిక్ క్రిస్టియాన్సన్ బృందం 2011లో ప్లాస్ వన్‌లో వేసింది. వీళ్ళు నీళ్ళ జోలికి పోకుండా, పటాన్‌చెరు కేంద్రం నీళ్ళు కలిసిన వాగు అడుగు బురద తీశారు. నీరు పారిపోతుంది, బురద ఉండిపోతుంది. కేంద్రానికి ఎగువన కొంత, దిగువన కొంత, పోలికకు స్వీడన్‌లో ఒక మురుగుశుద్ధి కేంద్రం దగ్గర కొంత తీశారు. పాత పద్ధతిలో అయితే బ్యాక్టీరియాను గాజుపళ్ళెంలో పెంచి, మందు వేసి చూడాలి. కానీ బురదలో ఉండే జాతుల్లో చాలావరకు పళ్ళెంలో పెరగనే పెరగవు. అందుకని పెంచే పని మానేసి, బురదలోని డీఎన్‌ఏనే నేరుగా చదివారు. దిగువ బురదలో మందును తట్టుకునే జన్యువులు దండిగా ఉన్నాయి. వాటితోపాటు ప్లాస్మిడ్లు, ఇంటిగ్రాన్లు, ట్రాన్స్‌పోజాన్లూ ఉన్నాయి. నన్ను భయపెట్టింది ఇవే. జన్యువులు జాతి దాటి ఇంకో బ్యాక్టీరియాకు చేరేది ఎక్కువగా వీటి సాయంతోనే. బురదలో ఎవరికీ హాని చేయని సూక్ష్మజీవి నేర్చిన విద్య రోగం తెచ్చేదానికి అందే దారి ఇదన్నమాట.

పటాన్‌చెరు వాగుతో నెమలిగుండం ఉన్న మన రాచర్లకు ఏం పని అనవచ్చు. నిజమే, ఆ వాగు నీళ్ళు మంజీరలో కలుస్తాయి. మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, నెమలిగుండంలో దూకి, కంభం చెరువు నింపుతుంది. గుండం నీళ్ళలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందని నేననడం లేదు. కానీ రంగనాయకస్వామి దర్శనానికి వచ్చి గుండంలో మునిగేటప్పుడు గుక్కెడు మింగనివాళ్ళు తక్కువ. సరదాగా నీళ్ళలో దిగేవాళ్ళు మింగే ఆ గుక్క ఏం చేస్తుందో చూసినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో యాన్ లెనార్డ్ బృందం అలల మీద సర్ఫింగ్ చేసే 143 మందిని, చేయని 130 మందిని పరీక్షించింది. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. సెఫొటాక్సిమ్ ఇంజెక్షన్‌కు లొంగని ఈ.కోలి సర్ఫర్లలో 13 మంది పేగుల్లో ఉంది, రెండో గుంపులో నలుగురిలో ఉంది. అంకెలు చిన్నవే. అందుకేనేమో, సముద్రం జబ్బు చేస్తుందని వాళ్ళు ఎక్కడా అరవలేదు. ఆ నిగ్రహం కూడా పనితనంలో భాగమే.

పటాన్‌చెరు పత్రం వచ్చిన పదమూడేళ్ళకు, 2020 జనవరిలో, కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ కంపెనీలు వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.