తిన్నాక వచ్చి చెప్పు

ఆదివారం తెల్లవారుజామున బాటసింగారం పళ్ల మార్కెట్‌లో మామిడికాయల రాశి పక్కన నిలబడి ఉండగా, నా కళ్ల ముందే ఒక సినిమాకి తీర్పు పడిపోయింది. గుమాస్తా కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఎల్బీనగర్‌లో సెకండ్ షో చూసి, ఇంటికి పోకుండా అటునుంచి అటే పనిలోకి వచ్చాడు. ట్రేలు దించుతున్న హమాలీ పెద్దాయన, వరసకి మేనమామట, అడిగాడు.

"ఎట్లుందిరా?"

"ఏముంది మామా, పైసలు బొక్క. మొదటి దాంట్ల పానం ఉండె. ఇండ్ల అన్నీ పటాకులే."

"పాటలన్న మంచిగున్నయా?"

"ఒక్కటి గుడ యాదికి లేదు."

"యాదికి లేదంటే అది పాటెట్లయితది బిడ్డా" అంటూ పెద్దాయన ఇంకో ట్రే భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

అర నిమిషం కూడా పట్టలేదు. కొన్ని వందల మంది రెండు మూడేళ్లు కష్టపడి తీసిన సినిమా ఆ అర నిమిషంలో అయిపోయింది. నాకు కోపం వచ్చింది. ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. అది వచ్చి నాలుగు రోజులే అయింది, నేనింకా చూడలేదు. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా 'ఒక నిద్ర' సూత్రం కొత్త కాదు. సినిమా చూసిన రాత్రి నోరు విప్పకూడదు. పడుకుని లేచాక మనసులో ఏం మిగిలిందో అదే సినిమా, మిగతాదంతా చప్పుడు. థియేటర్ గేటు దాటకముందే ఫోన్ ఎత్తి 'టాక్' చెప్పేవాళ్లని చూసినప్పుడల్లా, ఉడుకుతున్న అన్నంలో గరిటె పెట్టి మెతుకులన్నీ చిదిమేసినట్టు అనిపిస్తుంది.

రెండో భాగాల మీద నా పాత పేచీ కూడా మీకు తెలిసిందే. ఒకే కథని రెండుగా పంచి తీసిన 'బాహుబలి', 'పుష్ప' లాంటివి వేరు. సగం చెప్పి ఆపారు, మిగతా సగం చెప్పారు. ముగిసిపోయిన కథని నిద్ర లేపి మళ్లీ నడిపించేవాటితోనే నా తగువు. 2004లో 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' చూసి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చినవాళ్లం, 2007లో 'శంకర్‌దాదా జిందాబాద్' నుంచి పొడి కళ్లతో వచ్చాం. 'కిక్' 2009ది, 'కిక్ 2' 2015ది. రెంటికీ మధ్య ఎంత దూరమో చూసినవాళ్లకి తెలుసు. 'భారతీయుడు' వచ్చిన 28 ఏళ్లకి, 2024 జులైలో 'భారతీయుడు 2' వచ్చింది. మర్నాడు పొద్దున మా కొత్తపేట టిఫిన్ సెంటర్‌లో దాన్ని గురించి మాట్లాడిన ప్రతివాడూ 1996 నాటి సినిమానే తలుచుకున్నాడు. ఆ సేనాపతి వేలి విరుపు, ఆ రెహమాన్ పాటలు. కొత్త సినిమా గురించి ఒక్కడూ పూర్తి వాక్యం చెప్పలేదు.

దీన్ని చాలాకాలంగా గమనిస్తున్నాను. రెండో భాగం బాగాలేదని చెప్పేవాడు నిజానికి మొదటి భాగం గురించి చెబుతాడు. బాటసింగారం కుర్రాడు అన్నదీ అదే: మొదటి దాంట్ల పానం ఉండె. మొదటిది ప్రాణం పెట్టి చూసినవాడికే రెండోది నొప్పి పెడుతుంది.

అసలు ఆ మార్కెట్టే ఒక రెండో భాగం. 1986 నుంచి మా కొత్తపేటలో, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ ఉండేది. ఎండాకాలం రాత్రి కిటికీ తీస్తే మామిడి వాసనా, లారీల హారనూ కలిసి వచ్చేవి. 2022 నాటికి దాన్ని పూర్తిగా ఖాళీ చేయించి విజయవాడ హైవే మీది బాటసింగారానికి తరలించారు. పాత చోట టిమ్స్ ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. శాశ్వత మార్కెట్ కోహెడలో వస్తుందన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. అది మూడో భాగం. బాటసింగారంలో టీ తాగుతూ ఏ పాత వ్యాపారిని కదిపినా గడ్డిఅన్నారం కథే చెబుతాడు. ఆ కథ వింటుంటే కొత్తపేటలో మళ్లీ ఆ వాసన వస్తుంది.

పెద్దాయన పాటల గురించి అడిగిన ప్రశ్న మాత్రం దారిపొడుగునా నన్ను వదల్లేదు. హాలీవుడ్‌లో 2019లో వచ్చిన 'జోకర్' హీరోకి ఆస్కార్ తెచ్చిపెట్టింది. 2024లో దాని రెండో భాగాన్ని పాటలతో, లేడీ గాగాని పెట్టి మ్యూజికల్‌గా తీస్తే, మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లలో చాలామంది తిప్పికొట్టారు. వాళ్ల సగం ఫిర్యాదు ఎందుకు పాడుతున్నారన్నదే. అక్కడ మ్యూజికల్ అంటే విడిగా ఒక రకం సినిమా. మనకి 1932లో 'భక్త ప్రహ్లాద' మాట్లాడటం మొదలుపెట్టిన రోజే సినిమా పాడటం కూడా మొదలుపెట్టింది. అందుకే పాటలెందుకని మనం అడగం, పాటలెలా ఉన్నాయని అడుగుతాం. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు అందులో ప్రధాన పాత్రలో పేరున్న హీరో లేడు. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకునే మనిషి. ఆ సినిమాని నిలబెట్టినది చూసినవాళ్ల నోటి మాట. పాట విన్నవాడు పక్కింటికి చెప్పాడు, పక్కింటివాడు టికెట్ కొన్నాడు. వాళ్లంతా నా సూత్రం పాటించి ఒక నిద్ర పోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇన్నాళ్లూ నాకు రాలేదు.

మా తాతది సూర్యాపేట పక్క పల్లె. హార్మోనియం వాయించేవాడు. పెట్రోమాక్స్ లైటు వెలుగులో రాత్రంతా పద్యనాటకం ఆడేవాళ్లు, తెల్లారి అక్కడినుంచే పొలానికి పోయేవాళ్లు. ఆ చాపల మీద కూర్చున్నవాళ్లలో చాలామందికి సంతకం రాదు. అయినా అందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటుండేది: వన్స్ మోర్. రాయబారం సీన్లో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం లాగి దించగానే వెనక వరసలోంచి కేక లేచేది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి లాంటి మహానటుల నాటకాలకి బళ్లు కట్టుకుని పోయిన కాలం అది. మా పల్లె కృష్ణుడు అంతటివాడు కాదు గానీ, వన్స్ మోర్ పడితే ఆయనా పొంగిపోయేవాడు. కౌరవులంతా అలాగే కూర్చుని ఉండగా, కథని అక్కడే ఆపి, కిరీటం సర్దుకుని మళ్లీ మొదటి పాదం ఎత్తుకునేవాడు.

నేను ఏడెనిమిదేళ్ల వయసులో తాత పక్కనే, హార్మోనియం పెట్టె మీద చెయ్యి వేసి కూర్చునేవాణ్ని. వన్స్ మోర్ అని కేక పడగానే తాత నటుడి వంక చూసేవాడు. నటుడు కనురెప్ప కొద్దిగా ఎత్తితే, తాత వేళ్లు పక్క మెట్ల మీదికి జరిగేవి. రెండోసారి అదే పద్యం వేరే దారిలో పైకెక్కేది. మొదటిసారి కోపంగా పాడిన చోట రెండోసారి జాలి వినపడేది. కొన్ని రాత్రులు నటుడు రెప్ప ఎత్తేవాడు కాదు, మొదటిదాన్నే మళ్లీ అప్పజెప్పేవాడు. అప్పుడు చప్పట్లు సగమయ్యేవి, మూడో కేక పడేది కాదు. ఇంటికొస్తూ దారిలో తాత అన్న మాట నాకిప్పటికీ గుర్తే: "రెండోసారి గుడ అదే పాడెటోడు నేర్చుకున్నోడు. ఇంకో తీరు పాడెటోడు పాటగాడు."

రెండో భాగాన్ని ఇన్నేళ్లుగా నిర్మాతల ఆశ అనే రాశాను. ఆశ ఉంటుంది, కాదనను. కానీ కేక వేసేది మనమే కదా. వన్స్ మోర్ అన్నది మన ఊళ్ల నోట నలిగిన మాట. అడగడం తప్పు కాదు, పాడటం తప్పు కాదు. అదే దారిలో మళ్లీ పాడటమే తప్పు. 2014 నాటి 'కార్తికేయ' కథ పాము గుడి దగ్గర తిరిగింది. 2022లో 'కార్తికేయ 2' ఆ హీరోనీ, ఆ కుతూహలాన్నీ మాత్రం వెంటబెట్టుకుని ద్వారక దాకా వెళ్లింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. మా తాత ఉంటే, వేళ్లు పక్క మెట్ల మీదికి జరిగాయనేవాడు.

ఇప్పుడు నా లెక్క ఒకటి సరిచేసుకోవాలి. 2009 నవంబరులో మా మేనల్లుడు నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో 'ఆర్య 2'కి తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది అదే నవంబరులో 'ఆరెంజ్'కి. అప్పుడు వాడు ఇంటర్. రెండింటికీ నేను నా సూత్రం ప్రకారం నిద్రపోయి లేచి, కాఫీ తాగి, తీరిగ్గా తీర్పు చెప్పాను. మొదటి ఆర్యలోని ప్రేమ రెండోదాంట్లో మొండితనంగా మారిపోయిందన్నాను. 'ఆరెంజ్' గురించి, ప్రేమ కొంతకాలమే ఉంటుందని చెప్పే హీరో వెనక రెండున్నర గంటలు ఎవరు తిరుగుతారన్నాను. ఊరంతా దాదాపు అదే అంది. 'ఆరెంజ్' నిర్మాతకి తెచ్చిన నష్టం పరిశ్రమలో ఏళ్లపాటు చెప్పుకున్నారు. మేనల్లుడు వాదించలేదు. హ్యారిస్ జయరాజ్ పాటలు ఫోన్‌లో వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే గదిలోకి వెళ్లిపోయాడు.

'ఆరెంజ్' 2023లో మళ్లీ విడుదలైంది, 2025 ప్రేమికుల రోజుకి ఇంకోసారి. ఆ ఏడాది ఏప్రిల్‌లో 'ఆర్య 2' కూడా వచ్చింది. మేనల్లుడికి ఇప్పుడు పెళ్లయింది, చిన్న పాప కూడా. 'ఆరెంజ్'కి మళ్లీ రమ్మన్నాడు, వెళ్లాను. పాట మొదలవగానే హాలు మొత్తం లేచి నిలబడింది. 2010లో బళ్లో పలకా బలపం పట్టుకునే వయసు పిల్లలు, పల్లవి దగ్గర్నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట తప్పకుండా పాడుతున్నారు. తెర మీది గొంతు ఆ హోరులో వినపడటం లేదు. నా పక్క సీట్లో ఒకమ్మాయి కళ్లు మూసుకుని పాడుతోంది, చెంపల మీద నీళ్లు. పాట అయిపోగానే వెనకనుంచి కేక పడింది. నలభై ఏళ్ల తర్వాత ఆ కేక విన్నాను: వన్స్ మోర్! ఆ సినిమాకి నేను చెప్పిన తీర్పు ఎంత తప్పో ఆ హాల్లో తెలిసింది. ప్రేమ తరిగిపోతుందని భయపడే ఆ కుర్రాడి మాటలు 2010లో నాకు పొగరుగా వినిపించాయి. పదిహేనేళ్లలో నేను చూసిన ఇళ్లు, విడిపోయిన జంటలు గుర్తుకొచ్చి, ఇప్పుడవి నిజాయితీగా వినిపించాయి. ఈ మాట ఆ రాత్రే ఎవరికైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

మళ్లీ బాటసింగారానికి. కుర్రాడి తీర్పు విన్న చిరాకుతోనే ఒక ట్రే బేనిషాన్ కాయలు తీసుకున్నాం. అన్నీ పచ్చివే. తొడిమ దగ్గర జీడి ఇంకా ఆరలేదు. నాతో వచ్చిన మా బావమరిది ఒక కాయ అటూ ఇటూ తిప్పి చూసి, "తీపుంటాయా పెద్దాయనా?" అని అడిగాడు.

ఆయన ట్రే దించి తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "కాయ మీద ధరనే చెప్పొస్తది సారూ. రుచి పండినంకనే ఎరుకైతది. గడ్డిల పెట్టి మాగెయ్. తిన్నంక వచ్చి చెప్పు. కొనేటప్పుడు అందరు మాట్లాడ్తరు. తిన్నంక ఎవ్వరు రారు."

ఆ మాటతో నా సూత్రం కాళ్లు విరిగి కూర్చుంది. రుచి పండాకే తెలుస్తుందని పచ్చికాయకి ధర కట్టకుండా ఆగితే, రాత్రంతా లారీలో వచ్చిన కొల్లాపూర్ రైతు ఎక్కడికి పోవాలి? అక్కడ వేలంపాట ఈ తెల్లవారుజామునే జరగాలి, మాట ఈ నిమిషమే పడాలి. థియేటర్ బయటా అంతే. కుర్రాడు అంత తొందరగా చెప్పింది తన మేనమామకి. ఆ మేనమామకి సినిమా టికెట్ అంటే కొన్ని గంటల బరువు మోత. వెళ్లాలో వద్దో ఆయనకి ఈ రాత్రికే తెలియాలి. ఒక నిద్ర పోయి లేచి చెప్పే తీరిక నాబోటివాడికి ఉంది, ఆయనకి లేదు. ఆ అర నిమిషం మాటలో నాకు నిర్దయ వినిపించింది. నిజానికి అది ఇంట్లోవాడి మీద శ్రద్ధ.

కాబట్టి నా సూత్రం వెనక్కి తీసుకుంటున్నాను. సినిమా చూసిన వెంటనే మాట్లాడండి. గట్టిగా, పక్కవాడికి వినపడేలా చెప్పండి. బాగాలేకపోతే బాగాలేదనండి. అయితే ఆ మాటని అక్కడే వదిలేయకండి. ఏడాదికో, అయిదేళ్లకో, ఏ బస్సులోనో ఆ పాట వినపడి ప్రాణం లేచొచ్చిన రోజు, ముందు ఎవరికైతే బాగాలేదని చెప్పారో వాళ్ల దగ్గరికే వెళ్లి మారిన మాట కూడా చెప్పండి. మనలో చాలామంది ఆ రెండోసారి వెళ్లం. నేనూ వెళ్లలేదు. అందుకే ఎన్నో సినిమాలు పచ్చికాయ ధర దగ్గరే ఆగిపోయాయి. మనం చెప్పే టాక్‌కి కూడా రెండో భాగం ఉండాలి, అదీ మొదటిదాన్నే అప్పజెప్పేది కాకూడదు.

ఈ ఉదయం గడ్డి తీసి చూశాను. పైవరసలో నాలుగు కాయలు పసుపు తిరిగాయి. గది నిండా పాత కొత్తపేట వాసన. ఒకటి కోసి తిన్నాను. అంతా తేనె, టెంక దగ్గర మాత్రం చిన్న పులుపు. ఆదివారం మళ్లీ బాటసింగారం వెళ్తాను. పెద్దాయనకి చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. కాయల సంగతి ఒకటి. యాదికి ఉన్న పాటల సంగతి ఒకటి.