పాడైతే బాగుచేసేదెవరు?

ఫోన్లలోని ఫొటోలు, పెళ్లి వీడియోలు, సినిమాలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు అన్నీ ఇంట్లోనే ఒకచోట దాచుకుని, టీవీలోనూ ఫోన్లోనూ చూసుకునే ఏర్పాటును హోమ్ సర్వర్ అంటున్నాం. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత నిల్వ ఆపేసి, 15 జీబీ దాటితే అద్దె కట్టమన్నాక మామూలు ఇళ్లలోనూ ఈ ఆలోచన మొదలైంది. పాత మినీ డీవీ టేపు నుంచి గంట వీడియో కంప్యూటర్లోకి ఎక్కిస్తేనే 13 జీబీ పడుతుంది. ఒక్క పెళ్లి టేపులకే ఆ ఉచితం చాలదు. అందుకని ఇంట్లో పెట్టుకోవడం సరే, ఎలా పెట్టుకోవాలి? సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల పెట్టె కొనాలా, పాత డెస్క్‌టాప్‌కి రెండు డిస్కులు తగిలించి మనమే కట్టుకోవాలా? చాలామంది ధరలు, ప్రాసెసర్లు పక్కపక్కన పెట్టి తేల్చేస్తారు. నూజివీడు లాంటి ఊళ్లో మాత్రం అది పాడైన రోజున ఏం చేయగలమన్నదాన్ని బట్టి తేల్చుకోవాలని నా వాదన.

ఇక్కడ పాడవడానికి కారణాలు తక్కువేం కాదు. రసాలు, బంగినపల్లి కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రానికి ఈదురుగాలి లేచిందంటే కాయతోపాటు కరెంటు తీగలూ తెగిపడతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల మధ్య ఇళ్లలో కరెంటు పోవడం కంటే తిరిగి వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎగిసిపడటమే ఎక్కువ చేటు. ఆ దెబ్బ ముందుగా తగిలేది ఎస్ఎంపీఎస్‌కి, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బాకి. డెస్క్‌టాప్‌లో అది ఎక్కువగా అందరూ వాడే కొలతల్లోనే ఉంటుంది. విజయవాడ కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది, నాలుగు స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. మదర్‌బోర్డే కాలిపోయినా డిస్కులు ఊడదీసి ఇంకో మామూలు కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, డిస్కుల్ని జతగా నడిపే లైనక్స్ రెయిడ్ వాటిని గుర్తుపట్టి జత చేసుకుంటుంది. కంపెనీ పెట్టెలో బోర్డు మాత్రం ఆ మోడల్‌కే సరిపడేలా చేసింది. అది పోతే ఇక్కడి రిపేరు షాపులో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. సర్వీసు సెంటరుకు పంపి ఎదురుచూడాలి, వారంటీ అయిపోతే కొత్తది కొనాలి.

పైగా పెట్టె మనింట్లో ఉన్నా, పెత్తనం పూర్తిగా మనది కాదు. వెస్ట్రన్ డిజిటల్ అమ్మిన ఇలాంటి పెట్టె మై బుక్ లైవ్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు 2015తో ఆగిపోయాయి. వాడేవాళ్లకు అది పనిచేస్తూనే కనిపించింది. 2021 జూన్‌లో సరిచేయకుండా మిగిలిన లోపాలను పట్టుకుని ఎవరో దూరం నుంచే వాటిని ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. ఎందరికో ఏళ్ల తరబడి దాచుకున్నదంతా చెరిగిపోయింది. ఇంటర్నెట్ వైరు పీకేయండని కంపెనీ చెప్పేసరికి జరగాల్సింది జరిగిపోయింది. 2025లో సైనాలజీ తన కొత్త ప్లస్ మోడళ్లలో తమ ముద్ర ఉన్న డిస్కులే వాడాలని నియమం పెట్టింది. కొనేవాళ్లు గట్టిగా తిరగబడ్డాక అదే ఏడాది అక్టోబరులో సడలించింది. సడలించినందుకు సంతోషమే. కానీ మన బీరువాలో ఏ డిస్కు పెట్టుకోవాలో ఇంకొకరు నిర్ణయించగలరని అప్పుడు తేలిపోయింది.

కరెంటు బిల్లు సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు డిస్కుల పెట్టెకంటే పాత డెస్క్‌టాప్ 30 వాట్లు ఎక్కువ లాగుతుందనుకుందాం. రాత్రింబగళ్లు నడిపితే ఏడాదికి 263 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున వేసినా 1,600 రూపాయల దాకా అవుతుంది, పై స్లాబులోకి వెళ్తే ఇంకా ఎక్కువ. అయిదేళ్లకు ఎనిమిది వేలు. అందుకే మరీ పాత డెస్క్‌టాప్ వద్దు, తక్కువ కరెంటుతో నడిచే చిన్న ప్రాసెసర్ చూసుకోవాలి. అవసరంలేని గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేయాలి.

అంత పరిజ్ఞానం అందరికీ ఎక్కడుంటుందన్నది రెండో అభ్యంతరం. 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరిది. సర్వర్ నడిపే ఓపెన్ మీడియా వాల్ట్, వీడియోలు చూపించే జెల్లీఫిన్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, ఒక ఆదివారం కూర్చుని ఎక్కించగలిగిన కుర్రాళ్లు వీధికొకరు ఉంటారు. అయితే ఎక్కించడంతో పని అయిపోదు. కొన్న పెట్టెకైనా అంతే. నర్సరీలో అంటు మొక్క కొన్నంత మాత్రాన పాదు చేయడం, నీళ్లు పెట్టడం తప్పవు కదా. అప్‌డేట్లు వేయడం, దుమ్ము దులపడం, వెచ్చదనానికి లోపల దూరే బల్లుల్ని కనిపెట్టుకోవడం రెండింటికీ ఉన్నవే.

నేను ఒప్పుకునే అభ్యంతరం మూడోది. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో, ఇక్కడ అమ్మానాన్నలు మాత్రమే. అలాంటి ఇంటికి కొన్న పెట్టే మంచిది. నాన్నగారు ఫోన్లో చెబుతుంటే విని ఒక బటన్ నొక్కగలరు కానీ, నల్లటి తెరమీద లైనక్స్ కమాండ్లు కొట్టలేరు. అయినా బజారులో దొరికే ఏ డిస్కయినా పట్టేది, ఆ డిస్కుల్ని అవసరమైతే మామూలు లైనక్స్ కంప్యూటర్లో చదవగలిగేది చూసి కొనాలి. దూరం నుంచి చూసుకోవాలని రూటర్‌లో పోర్టులు తెరిచేయకూడదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ర్యాన్సమ్‌వేర్ అలా ఇంటర్నెట్‌కి తలుపులు తీసి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లోకే దూరి ఫైళ్లకు తాళాలేసింది. వీపీఎన్ వాడితే ఆ బెడద చాలావరకు ఉండదు.

కట్టినా కొన్నా ఇన్వర్టర్ దగ్గర ఒకసారి ఆగి చూడాలి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్‌కి మార్చే స్విచ్ ఒకటి ఉంటుంది. అది నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు సర్వర్ ఆగిపోవచ్చు. ఫ్యాన్లకు, లైట్లకు తేడా తెలియదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. రాస్తుండగా మధ్యలో ఆగిన డిస్కులో ఫైళ్లు దెబ్బతినొచ్చు.

రెండు డిస్కుల్లో ఒకటే రాస్తున్నాం కదా, ఇంకేం భయమనే ధీమా కూడా వద్దు. పొరపాటున చెరిపితే రెండింటిలోనూ ఒకేసారి చెరుగుతుంది. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా డిస్కు తన పరిస్థితి గురించి ఇచ్చే ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయని తేలింది. డిస్కే ముందు చెబుతుందిలే అని కూర్చోలేం. కాబట్టి బడ్జెట్ వేసుకునేటప్పుడే కాపీ కోసం ఇంకో డిస్కు ధర పక్కన పెట్టాలి, ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గినా సరే. ఆ కాపీ వేరే ఊళ్లో ఉండాలి. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే రెండు టీబీలు ఎక్కించడానికి తొమ్మిది రోజులకు పైనే పడుతుంది. మొదటిసారికి డిస్కు మీదే కాపీ చేసి, విజయవాడ బస్సెక్కి చుట్టాలింట్లో కంప్యూటర్‌కి తగిలించి రావడం మేలు. ఆ తర్వాత రోజూ కొత్తగా చేరే ఫొటోలు రాత్రిపూట నెట్‌లో వెళ్తాయి.