కాంటా అయ్యింది, అమ్మకం కాలేదు

హైదరాబాద్ లింగంపల్లిలో బియ్యం కొట్టుకు వెళ్లిన వాళ్లు ముందు "పాతవేనా?" అని అడుగుతారు, తర్వాత ధర. బస్తా 26 కిలోలు ఎందుకుంటుందని ఎవరూ అడగరు. 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాకెట్ బియ్యంపై 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారులు ఒక కిలో కలిపి పన్ను దాటేశారు. రూలు వస్తే వ్యాపారికి ఆ కిలోలో దారి దొరికింది. రైతుకైతే కిలోలు తరుగు కింద పోతాయి.

మెదక్ జిల్లాలో మా చిన్నాయన ఇంకా వరి పండిస్తున్నాడు. వడ్లు ఎండబెట్టడంలో చేయి తిరిగిన మనిషి. గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కున విరిగితే సరే, మెత్తగా నలిగితే ఇంకో పూట ఎండాలి. ఎండెక్కాక పలుచగా పరిచి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తాడు. పొద్దు వాలకముందే కుప్ప చేసి పరదా కప్పుతాడు, రాత్రి చల్లదనానికి మళ్లీ నెమ్ము పట్టకుండా. మరీ ఎండితే మిల్లులో నూకవుతుందనీ తెలుసు. కొడవళ్లతో కోసి పనలు ఆరేసిన రోజుల్లో ఈ పని సగం పొలంలోనే అయిపోయేది. హార్వెస్టర్లు వచ్చాక పచ్చి వడ్లే బయటికొస్తున్నాయి, రోడ్లన్నీ కళ్లాలయ్యాయి.

వడ్లు కొనే సెంటర్‌లో ఆయన పంటిని ఎవరూ నమ్మరు. నమ్మాలని నేనూ అనను. మిషన్‌లో తేమ 17 శాతం లోపు రావాలి, కొలత ఉండడం మంచిదే. బాధ ఆ తర్వాతిది. ఐకేపీ సెంటర్‌లో మహిళా సంఘం వాళ్లు తేమ చూసి, 40 కిలోల బస్తాలు కాంటా పెట్టి, లారీకి ఎత్తిస్తారు. సర్కారు కొన్నట్టే కదా? కాదు. మిల్లు దగ్గర లారీ ఆగుతుంది. తాలు ఉందనో, తడి ఉందనో ఫోనొస్తుంది. క్వింటాకు ఇన్ని కిలోలు కోస్తాం, ఒప్పుకోకపోతే లారీ వెనక్కి. మిల్లు దించుకుని ట్రక్ షీట్ ఇస్తే తప్ప ఖాతాలో డబ్బు పడదు. ఒక యాసంగిలో చిన్నాయనకూ ఆ ఫోనొచ్చింది. "వాళ్లు జోకినప్పుడు నేనున్న. వీళ్లు కోసినప్పుడు నేను లేను" అన్నాడు. అని, ఒప్పుకున్నాడు.

మిల్లరుకూ ఒక లెక్కుంది. వంద కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాలి, నూక 25 శాతం దాటొద్దు. ఏప్రిల్, మే ఎండలకు యాసంగి గింజ పగుళ్లు బారుతుంది. పచ్చి బియ్యంగా ఆడిస్తే విరుగుతుంది, ఉప్పుడు బియ్యమైతే నిలుస్తుంది. ఆ ఉప్పుడు బియ్యం ఇక వద్దని ఢిల్లీ అనడంతోనే 2021లో గొడవ ముదిరింది. ఢిల్లీ హైదరాబాద్ మీదికి, హైదరాబాద్ మిల్లరు మీదికి, మిల్లరు రైతు మీదికి తోశారు. రైతు ఎవరి మీదికి తోయాలి?

ఏ పంట వేయాలన్న దగ్గరా ఇదే తంతు. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు అని సన్నాలు వేయమన్నారు. తీరా కోతలకొచ్చేసరికి మద్దతు ధర దొడ్డు రకం ఏ గ్రేడ్‌కు ఇచ్చే 1,888 రూపాయలే. మిర్యాలగూడలో మిల్లులకు వడ్లు తోలడానికి టోకెన్ల కోసం రైతులు పడిగాపులు పడ్డారు. 2021-22 యాసంగికి అసలు వరే వద్దన్నారు. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్ష చేసి, మర్నాడు రాష్ట్రమే కొంటుందని ప్రకటించారు. వరి వద్దన్న మాట నమ్మి మానుకున్నవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2024 వానాకాలం నుంచి మళ్లీ సన్నాలే, క్వింటాకు 500 బోనస్. గింజ పొట్టు తీసి కాలిపర్‌తో కొలిచి సన్నమో కాదో తేలుస్తున్నారు.

అలాగని సర్కారు తప్పుకోవాలంటే మా ఊళ్లో కొట్టడానికొస్తారు. నిజాం కాలంలో లెవీ గల్లా పేరుతో ధాన్యం గుంజుకునేవాళ్లు. ఇప్పుడు కొనమని రైతే వెంటపడుతున్నాడు, ఎందుకంటే మద్దతు ధరకు ఇంకో దిక్కు లేదు.

నేనడిగేది ఒక్కటే. కాంటా అయిన చోటే అమ్మకం ముగియాలి. తేమ, తాలు అక్కడే తేల్చి చీటీ రాసివ్వాలి. తర్వాత మిల్లుకు తేడా కనిపిస్తే సర్కారుతో తేల్చుకోవాలి, రైతుకు ఫోన్ చేయకూడదు. కోతలప్పుడు లింగంపల్లి నుంచి ఊళ్లకు వెళ్లే ఐటీ ఉద్యోగులకో మాట. మీ నాన్న దగ్గరున్న కాంటా చీటీలో కిలోలు, బ్యాంకులో పడిన డబ్బు పక్కపక్కన పెట్టి లెక్క చూడండి. తేడా ఉంటే మండలాఫీసులో రాతపూర్వకంగా అడగండి.