స్పానర్ పట్టకముందే

లారీ హీటెక్కుతోందని విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క మాట అంటే చాలు, నలుగురు నాలుగు మందులు చెబుతారు. హెడ్ గాస్కెట్ పోయిందని ఒకరు, వాటర్ బాడీ (నీళ్ల పంపు) మార్చమని ఇంకొకరు. అక్కడ నేను చూసిన ఒక పెద్దమేస్త్రీ మాత్రం ఇంజిన్ మీద చెయ్యి వేయకముందే డ్రైవర్ని కూర్చోబెట్టి అడుగుతాడు: "ఎప్పుడెక్కుతోందయ్యా? నిలబడ్డప్పుడా, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడా? నీళ్లు తగ్గుతున్నాయా?"

నిలబడ్డ బండికి గాలి తెచ్చేది ఫ్యాన్ ఒక్కటే. అక్కడ వేడెక్కితే ముందు బెల్టు చూడాలి. ఊళ్లో బాగానే ఉండి, ఎత్తులో మాత్రమే ముల్లు ఎరుపు దాటితే రేడియేటర్ చాలడం లేదేమోనని అనుమానించాలి. బయట చుక్క కారకుండా నీళ్లు తగ్గిపోతుంటే అవి సిలిండర్లలోకి దిగుతున్నాయేమో చూసుకోవాలి. సగం పని ఈ మాటల్లోనే అయిపోతుంది.

ఆ రోజు వచ్చింది 697 ఇంజిన్ ఉన్న పాత టాటా. 1954లో డైమ్లర్ బెంజ్‌తో మొదలైన పొత్తు తాలూకు వారసత్వం అది, 97 మి.మీ. బోరు, ఆరు సిలిండర్లు. దానికి కంప్యూటర్ లేదు, కోడ్ చూపించే తెర లేదు. ఘాట్‌లో మాత్రమే వేడెక్కుతోంది, నీళ్లు పెద్దగా తగ్గడం లేదు. అయినా గాస్కెట్ మార్చాల్సిందేనని ఎవరో డ్రైవర్‌కి నూరిపోశారు.

మేస్త్రీ ఆ మాటను కొట్టిపారేయలేదు, పరీక్షకు పెట్టాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. చల్లటి ఇంజిన్‌కి ఫ్యాన్ బెల్టు తీసి, వాటర్ బాడీ తిరగకుండా చేశాడు. రేడియేటర్ అంచు దాకా నీళ్లు నింపి, మూత పెట్టకుండా స్టార్ట్ చేయించాడు. గాస్కెట్ కాలి ఉంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి తోసుకొచ్చి, బుడగలు వరసగా పొంగాలి. పొంగితే ఏ సిలిండరో కూడా పట్టుకోవచ్చు: ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ పోతే, ఏది వదిలినప్పుడు బుడగలు తగ్గుతాయో లోపం అక్కడే. ఇక్కడ ఆ అవసరం రాలేదు. నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. వేడి పెరగకముందే ఇంజిన్ ఆపించేశాడు.

తర్వాత బెల్టు బిగించి, మూత పెట్టి, ఇంజిన్ బాగా కాగేదాకా నడిపించి ఆపించాడు. ఫ్యాన్ నిలిచాక అరచేతిని రేడియేటర్ కోర్ మీద అడ్డంగా జరుపుకుంటూ పోయాడు. పైన మండుతోంది. కింద కుడివైపు ఒక పట్టీ మేర చెయ్యి హాయిగా ఆనింది. "పట్టుకో" అని నా చేతినీ అక్కడ పెట్టించాడు. మిగతా కోర్ కాలుతుంటే అంత మేర మాత్రం చల్లగా ఉంది. ఆ ట్యూబుల్లోకి వేడినీళ్లు పోవడమే లేదు. ఏళ్ల తరబడి పోసిన ఉప్పు బోరునీళ్ల గార గట్టిపడి దారి మూసేసింది. మామూలు రోడ్డు మీద మిగిలిన ట్యూబులతో సర్దుకున్న ఇంజిన్‌కి ఎత్తులో, నిండు లోడుతో, అవి చాలలేదు.

రేడియేటర్‌ను విప్పించి, దాన్ని బాగుచేసే చోటికి పంపాడు. ట్యాంకు ఊడదీసి, ట్యూబుల్లోకి సన్నని కడ్డీలు దింపి శుభ్రం చేస్తారు. అది తిరిగొచ్చేలోగా ఎవరో ఎండాకాలంలో పీకేసిన థర్మోస్టాట్ వాల్వు స్థానంలో కొత్తది తెప్పించాడు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పక్కన పెట్టి, అది తెరుచుకోవడం కళ్లారా చూశాడు. వాల్వు లేకపోతే కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండా బైపాస్ దారిన ఇంజిన్‌లోకే తిరిగొస్తుందని డ్రైవర్‌కి ఓపిగ్గా చెప్పాడు.

గాస్కెట్ జోలికి ఎవరూ పోలేదు. ఆ ఇంజిన్ హెడ్ బోల్టు ఒక్కటీ కదల్లేదు.