మనసులో దాచిన ఎనిమిది

చిన్న కాగితం మీద 1089 అని రాసి, నాలుగు మడతలు పెట్టి, నాలుగో తరగతి చదివే మా మేనకోడలి గుప్పిట్లో ఉంచాను. నేను చెప్పేదాకా విప్పకూడదన్నాను. తర్వాత పలక మీద మూడంకెల సంఖ్య ఏదైనా ఒకటి రాయమన్నాను. మొదటి అంకె, చివరి అంకె ఒకటే కాకూడదన్నది ఒక్కటే షరతు. 742 రాసింది. దాన్ని తిరగేయమంటే 247 అయింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 495. దాన్ని కూడా తిరగేసి, ఈసారి కూడమన్నాను. 495, 594 కలిస్తే 1089. గుప్పిట విప్పి కాగితం చూసుకుంది. ఒక్క క్షణం ఆగి, ‘‘మామయ్యా, ఇంకోసారి’’ అంది.

ఈసారి నన్ను ఓడించాలని 901 ఎంచుకుంది. 901లోంచి 109 పోతే 792, దానికి 297 కలిపితే మళ్లీ 1089. అప్పుడిక సంఖ్యలు మార్చడం మానేసి, లోపల ఏం జరుగుతోందో చూపించమంది. లెక్కల గారడీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. కోనేట్లో ముంచితే పూలు రెట్టింపయ్యే మూడు గుళ్ల లెక్కలో వినడానికి ఒక కథ ఉంటుంది. ఇక్కడ కథ లేదు. ఉన్నదల్లా యంత్రం. గడియారం వెనక మూత తీసినట్టు దీన్ని తీసి చూడాల్సిందే.

తీసివేతను స్థానం వెంట స్థానంగా చూద్దాం. 742 కింద 247 ఉంది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు. పక్కింటి నుంచి, అంటే పదుల నుంచి, ఒకటి అప్పు తెచ్చుకోవాలి. 12లోంచి 7 పోతే 5. పదుల దగ్గరికి వస్తే, అక్కడి 4 ఒకటి అప్పిచ్చి 3 అయిపోయింది. కింద ఉన్నది మాత్రం 4. తిరగేసినప్పుడు మధ్య అంకె కదలదు కదా, అందుకే పైనా కిందా అదే అంకె. ఒకటి ఇచ్చేసిన పైఅంకె కింది అంకెకు సరిగ్గా ఒకటి తక్కువ. అదీ వందల ఇంటికి అప్పుకు వెళ్లాలి. 13లోంచి 4 పోతే 9. మధ్య అంకె 4 అయినా, 0 అయినా, 8 అయినా అక్కడ మిగిలేది 9 మాత్రమే. పిల్ల ఎంతో ఆలోచించి ఎంచుకున్న మధ్య అంకె ఈ మెట్టులోనే జాడ లేకుండా మాయమవుతుంది.

రెండు చివరల్లోని అంకెల సంగతీ ఇలాంటిదే. వందల దగ్గర 7 ఒకటి అప్పిచ్చి 6 అయింది. అందులోంచి 2 పోతే 4. ఒకట్ల దగ్గర వచ్చింది 5. ఈ రెండూ కలిపితే 9. ఇది యాదృచ్ఛికం కాదు. మొదటి చివరి అంకెల మధ్య తేడా 5. వందల స్థానంలో ఆ 5లోంచి అప్పిచ్చిన ఒకటి తగ్గింది. ఒకట్ల స్థానంలో తెచ్చుకున్న పదిలోంచి ఆ 5 తగ్గింది. అంటే ఒకచోట తేడాకు ఒకటి తక్కువ, ఇంకోచోట పదికి తేడా తక్కువ. కలిపితే తేడా ఎగిరిపోయి 9 నిలుస్తుంది. పిల్ల ఎంచుకున్న చివరి ఆధారం కూడా ఇక్కడ చెరిగిపోయింది.

ఇక కూడిక వట్టి లాంఛనమే. ఒకట్లలో రెండు చివరలూ కలిసి 9. పదుల్లో 9, 9 కలిసి 18. 8 వేసి 1 మనసులో పెట్టుకుంటాం. వందల్లో మళ్లీ 9, మనసులోని ఒకటితో 10. అదే 1089. ఈ నాలుగు అంకెల్లో ఒక్కటి కూడా పిల్ల రాసిన సంఖ్యలోంచి రాలేదు. అన్నీ అప్పు తెచ్చుకోవడంలోంచి, మనసులో పెట్టుకోవడంలోంచి పుట్టాయి. బళ్లో పిల్లలు ఎక్కువగా తడబడేది ఆ రెండు పనుల దగ్గరే. ఈ యంత్రానికి స్ప్రింగులు కూడా అవే.

మూడోసారి మాత్రం యంత్రం ఆగింది. 483 రాసింది. తిరగేస్తే 384. తీసేస్తే 99. తిరగేసినా 99. కూడితే 198. నా ముఖంలోకి గెలిచినట్టు చూసింది. తప్పు ఎక్కడుందో పైన చెప్పిన లెక్కే పట్టిస్తుంది. తేడా ఒకటే అయినప్పుడు వందల స్థానంలో మిగిలేది సున్నా. సున్నాకీ అక్కడొక గది ఉంది, దాన్ని ఖాళీ చేయకూడదు. 099 అని రాసి తిరగేస్తే 990. కూడితే 1089. స్థానవిలువ పాఠంలో సున్నా ఎందుకు రాయాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

1089 ఎక్కం కూడా ఒకసారి రాయించండి. 1089, 2178, 3267, 4356, 5445, 6534, 7623, 8712, 9801. పైనుంచి కిందికి వేలుపెట్టి చూస్తే మొదటి రెండు వరసలూ మెట్లెక్కుతుంటాయి, చివరి రెండూ మెట్లు దిగుతుంటాయి. 1089 అంటే 1100లో 11 తక్కువ. ప్రతి మెట్టుకూ ముందున్న రెండు అంకెలకూ ఒక్కొక్కటి కలుస్తుంది, వెనకున్న రెండింటిలోంచి ఒక్కొక్కటి పోతుంది. అలా ఎక్కుతూ దిగుతూ తొమ్మిదో మెట్టుకు వచ్చేసరికి 9801, అంటే 1089 తిరగబడి నిలబడుతుంది. 8712 కూడా అలాంటిదే. తనను తిరగేస్తే వచ్చే 2178కి అది సరిగ్గా నాలుగు రెట్లు. రామానుజన్ ప్రతిభను గుర్తించిన హార్డీ 1940లో వచ్చిన తన చిన్న పుస్తకంలో ఈ రెంటినీ ప్రస్తావించాడు. తిరగేసిన సంఖ్యకు ఇలా ఇన్ని రెట్లయ్యే నాలుగంకెల సంఖ్యలు ఈ రెండే అని చెప్పి, ఇవి పత్రికల వినోద శీర్షికలకు పనికొస్తాయి గానీ గణితజ్ఞుణ్ని ఆకట్టుకునేది వీటిలో ఏమీ లేదని తేల్చేశాడు. అంత పెద్దాయనతో ఇక్కడ నాకు పేచీ ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల అప్పు ఎందుకు తెచ్చుకోవాలో తనంతట తాను అడిగింది ఈ సంఖ్య వల్లే.

ఆ పేచీలో నా పక్షాన నిలిచే మనిషి నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో పుట్టి 1986లో పోయిన ఆయన జీవితమంతా అంకెలతోనే ఆడుకున్నాడు. 1089 యంత్రంలోని మొదటి సగాన్ని, అంటే ఆ తీసివేతను, ఆయన నాలుగంకెలకు బిగించి మళ్లీ మళ్లీ తిప్పాడు. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోండి, నాలుగూ ఒకటే అంకె కాకూడదు. వాటిని పెద్ద నుంచి చిన్నకు పేర్చండి, చిన్న నుంచి పెద్దకు పేర్చండి, తీసేయండి. వచ్చినదాంతో అదే పని మళ్లీ చేయండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956తో మొదలుపెడదాం. 9651లోంచి 1569 పోతే 8082. 8820లోంచి 0288 పోతే 8532. అందులోంచి 2358 పోతే 6174. మళ్లీ చేస్తే 7641లోంచి 1467 పోయి 6174. ఇక కదలదు. తెలంగాణ ఏర్పడిన 2014 తీసుకుంటే దారి సుదీర్ఘం. 4086, 8172, 7443, 3996, 6264, 4176, అప్పుడు 6174. ఏడు మెట్లు. ఇంతకు మించి ఏ సంఖ్యకూ పట్టవు. ఇంట్లో నలుగురూ తలా ఒక పుట్టిన సంవత్సరం తీసుకుని ఎవరు ముందు చేరతారో పందెం వేసుకోవచ్చు. 2014లో పుట్టిన పిల్లలు ఈ పందెంలో ఆఖరున వస్తారు గానీ, అందరికన్నా ఎక్కువ దారి చూస్తారు.

మూత తీస్తే ఇక్కడా అప్పులే కనిపిస్తాయి. అంకెల్ని పేర్చాక యంత్రానికి పట్టేవి రెండే కొలతలు. బయటి రెండు అంకెల తేడా ఒకటి, లోపలి రెండు అంకెల తేడా ఒకటి. బయటి తేడాను 999తో, లోపలి తేడాను 90తో హెచ్చవేసి కూడితే తీసివేత జవాబు వచ్చేస్తుంది. 7641లో బయటి తేడా 6, లోపలి తేడా 2. ఆరు 999లు 5994, రెండు 90లు 180, మొత్తం 6174. బయటి తేడా 1 నుంచి 9 వరకే ఉండగలదు, లోపలిది దాన్ని మించలేదు. లెక్కపెడితే వచ్చేవి 54 జతలు. ముందు సున్నాలున్నవి కూడా కలుపుకుంటే మొదట్లో మన దగ్గర 9990 సంఖ్యలున్నాయి. ఒక్క తీసివేతతో అవన్నీ 54 గదుల్లోకి సర్దుకుంటాయి. ఆ 54నీ ఒక్కొక్కటిగా నడిపించి చూస్తే అన్నీ 6174 దగ్గరికే చేరతాయి. దీనికి అడ్డదారి సూత్రం వెతకనక్కర్లేదు. ఓపికగల పిల్లలు ఒక సెలవు మధ్యాహ్నంలో ఈ రుజువును తామే పూర్తి చేయగలరు. మూడంకెలతో ఇదే ఆట ఆడితే చేరే ఇల్లు 495. మా పిల్ల పలక మీద మొదటి తీసివేతకే వచ్చిన సంఖ్య అది.

కాప్రేకర్ 6174ను 1946లో కనుక్కుని, 1949లో మద్రాసులో జరిగిన గణిత సమావేశంలో చెప్పాడు. 1975లో వినోద గణిత రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ఒక అమెరికా పత్రికలో రాశాక గానీ ఆ పేరు బయటి ప్రపంచానికి పెద్దగా తెలియలేదు. 121, 12321 వంటి సంఖ్యల వరసకు ఆయన పెట్టిన పేరు డెమ్లో. ఆ ఆలోచన తట్టిన, బొంబాయి దగ్గరి రైల్వే స్టేషనుకు అప్పటి పేరది.

ఆ డెమ్లో వరసలో ఒకటైన 12345654321ను అంతకు సుమారు 1100 ఏళ్ల ముందే ఒకరు హారంగా గుచ్చి పెట్టారు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సంస్కృత మూలంలో గుణకారం చెప్పేచోట మహావీరాచార్యుడు వట్టి లెక్కలు ఇచ్చి ఊరుకోలేదు. జవాబు కంఠహారంలా, ఎటు నుంచి చదివినా ఒకేలా వచ్చే లెక్కల్ని ఏరి కూర్చాడు. 139ని 109తో హెచ్చవేస్తే 15151. 152207ను 73తో హెచ్చవేస్తే ఎనిమిది ఒకట్లు. 27994681ని 441తో హెచ్చవేస్తే పైన చెప్పిన 12345654321. విద్యార్థి జవాబు తప్పితే హారంలో పూస ఊడినట్టు వెంటనే కనబడుతుంది. గురువు దగ్గరికి వెళ్లి సరిచూపించుకోనక్కర్లేదు. ఈ ఏర్పాటులో ఉన్న శ్రద్ధకు నేను ముగ్ధుణ్ని.

వాటిలో మా మేనకోడలికి ఇచ్చింది చిన్న పనిముట్టుతో చేసిన హారం. 12345679ని 9తో హెచ్చవేయాలి. అందులో 8 లేకపోవడం తను వెంటనే పట్టుకుంది. నేను పొరపాటున వదిలేశాననుకుంది. వెయ్యి, చూద్దాం అన్నాను. తొమ్మిది తొమ్మిదులు 81. 1 వేసి 8 మనసులో. ఏడు తొమ్మిదులు 63, మనసులో 8తో 71. 1 వేసి 7 మనసులో. ఆరు తొమ్మిదులు 54, ఏడుతో 61. తర్వాత 51, 41, 31, 21. ప్రతిచోటా పడేది 1, మనసులోకి వెళ్లేది ఒక్కొక్కటీ తగ్గుతూ పోతుంది. చివరి మెట్టులో 11. మనసులో దాచడానికి ఇక పక్కన ఇల్లు లేదు కాబట్టి రెండు ఒకట్లూ కిందికే దిగుతాయి. ఎనిమిది అంకెల సంఖ్యకు తొమ్మిది పూసలు.

8 ఎక్కడికి పోయిందో కూడా అక్కడే తెలిసిపోయింది. అది సంఖ్యలో లేదు, మొదటి మెట్టులో మనసులో పెట్టుకున్నాం. సంఖ్యలో కూడా ఉండి ఉంటే ఎనిమిది తొమ్మిదులు 72, మనసులో 8తో 80 అయ్యేది. 1 పడాల్సిన చోట సున్నా పడేది. అలా కూడా వేయించి చూపించాను. 123456789ని 9తో హెచ్చవేస్తే 1111111101. చివర రెండో స్థానంలో హారం తెగింది.

పలక తుడిచేసి, ‘‘రెండ్ల హారం కావాలంటే?’’ అంది. నేను నోరు తెరిచేలోపే 12345679 పక్కన 18 వేసుకుని, పెదాలు కదుపుతూ ఒకట్ల దగ్గరి నుంచి మొదలుపెట్టింది.